పాత ఎలివేటెడ్ హైవే: అతుకులతో నెట్టుకురావాలా, డెక్ మార్చాలా, సొరంగమా, కూల్చివేతా?

కిరణ్_ప్లానింగ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఊరి నడిబొడ్డున పోయే పాత ఎలివేటెడ్ హైవేల మీద ఒక పోలిక నోట్ తయారుచేస్తున్నాను. రెండు ఉదాహరణలు తీసుకున్నాను.

ఒకటి సియాటిల్‌లోని అలాస్కన్ వే వయాడక్ట్. 1953లో తెరిచారు, రెండంతస్తుల కాంక్రీటు కట్టడం. 2001 ఫిబ్రవరి 28న వచ్చిన 6.8 తీవ్రత భూకంపంలో దెబ్బతింది. మరమ్మతులు చేసి ఇంకో 18 ఏళ్లు వాడారు. 2019లో పక్కన సొరంగం తెరిచి దీన్ని కూల్చేశారు.

రెండోది టొరంటోలోని గార్డినర్ ఎక్స్‌ప్రెస్‌వే. 1955-66 మధ్య కట్టింది, మొత్తం 18 కిలోమీటర్లు, తూర్పు భాగమంతా పిల్లర్ల మీదే. ఏళ్ల తరబడి కింద పెచ్చులూడి పడుతున్నా, ఎక్కువ భాగాన్ని నిలబెట్టి బాగుచేసుకుంటున్నారు.

రెండూ ఇంచుమించు ఒకే తరానివి. ఒకచోట తీసేశారు, ఇంకోచోట బాగుచేస్తున్నారు. ఏ ప్రాతిపదికన? అతుకులు వేయడం (పాడైన చోట మాత్రమే కొత్త కాంక్రీటు పోయడం), డెక్ (బండ్లు పోయే పై శ్లాబు) మార్చడం, మొత్తం తిరిగి కట్టడం, సొరంగం, తీసేసి కింద మామూలు రోడ్డు వేయడం అనే ఐదింటినీ ఒకే పట్టికలో పెట్టి మార్కులు వేయొచ్చా? పనిలో ఎక్కడ ఏం తప్పుతుందో కూడా తెలిసినవాళ్లు రాస్తే మేలు. మన దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లాంటివి 2009 నాటివి. వాటికి ఇంకా టైముంది కదా అని కూర్చోకుండా ఇప్పట్నుంచే ఏం చూసుకోవాలో కూడా చెప్పండి.

వంతెనల_రావు

కిరణ్‌గారూ, ఐదింటినీ ఒకే పట్టికలో పెట్టొద్దు. ముందు ఆ కట్టడంలో పాడైంది ఏ భాగమో తేల్చండి. డెక్కా, దాన్ని మోసే గర్డరా (దూలమా), పిల్లరా, పిల్లర్ కింది పునాది ఫుటింగా, దాని కింద నేలా? సమాధానం కిందికి దిగేకొద్దీ మరమ్మతు అర్థం లేనిదవుతుంది. డెక్ పోతే మార్చొచ్చు. బేరింగ్ (గర్డర్‌కీ పిల్లర్‌కీ మధ్య ఉండే దిమ్మె) పోతే జాకీలు పెట్టి మార్చొచ్చు. నేలే నమ్మకం లేనిదైతే పైన ఎంత ఖర్చుపెట్టినా అది భూకంపం వచ్చేదాకానే.

సియాటిల్‌లో జరిగింది అదే. ఆ వయాడక్ట్ సముద్రపు ఒడ్డున మట్టి పోసి పూడ్చిన నేల మీద ఉంది. నీళ్లు నిండిన వదులు మట్టి భూకంపంలో ఊగితే ద్రవంలా మారిపోతుంది, పైల్స్‌కి (నేలలోకి దింపిన పునాది స్తంభాలకి) పక్కనుంచి దక్కే ఆసరా పోతుంది. పైగా ఆ పూడికను ఆపుతున్న ఇలియట్ బే సముద్రపు గోడ 20వ శతాబ్దం మొదట్లో చెక్క ఆసరాలతో కట్టింది. వాటిని సముద్రపు పురుగులు తినేశాయి. గోడ జరిగితే మట్టి జరుగుతుంది, మట్టి జరిగితే పిల్లర్లు జరుగుతాయి. కాబట్టి గోడను వదిలేసి వయాడక్ట్‌ను మాత్రమే బాగుచేయడమన్న ఆప్షన్ కాగితం మీద ఉందే తప్ప నిజంగా లేదు. ఆ గోడను తర్వాత వేరే పనిగా కొత్తగా కట్టారు, వెనక మట్టిలోకి ఎక్కువ ఒత్తిడితో సిమెంటు గ్రౌటు ఎక్కించి గట్టిపరిచారు.

ఇక పైకట్టడం సంగతి. 1950ల డిజైన్లలో పిల్లర్ చుట్టూ వేసే రింగులు దూరదూరంగా ఉంటాయి, కొక్కేలు సరిగా ఉండవు. నిలువు రాడ్లు ఒకదానితో ఒకటి కలిసే అతుకులు సరిగ్గా పిల్లర్ అడుగున, వంపు ఎక్కువగా వచ్చే చోటే ఉంటాయి. బీమూ పిల్లరూ కలిసే ముడిలో అడ్డ స్టీలు నామమాత్రం. 1989 లోమా ప్రియెటా భూకంపంలో ఓక్లండ్‌లోని సైప్రస్ వయాడక్ట్ పై అంతస్తు కింది అంతస్తు మీద పడి 42 మంది చనిపోయారు. అదీ రెండంతస్తులదే, అదీ ఆ ముడుల దగ్గరే తెగింది. మెత్తటి బురద నేల మీద ఉన్న భాగం కూలింది, గట్టి నేల మీదున్న భాగం నిలబడింది. అలాస్కన్ వే ఇంజినీర్లకు ఇంతకన్నా హెచ్చరిక అక్కర్లేదు.

పిల్లర్లకు ఉక్కు తొడుగు వేసి ఆపొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పిల్లర్ చుట్టూ రెండు సగాలుగా వంచిన 10 నుంచి 25 మిల్లీమీటర్ల మందం రేకు పెట్టి, నిలువు అతుకు వెల్డింగ్ చేసి, మధ్య ఖాళీలో గ్రౌటు పోస్తారు. ఒక్కంతస్తు వంతెనకు చాలా మంచి పద్ధతి. రెండంతస్తుల దాంట్లో మాత్రం పిల్లర్ గట్టిపడగానే ఆ బలమంతా పక్కనున్న ముడి మీదికి, కింద ఫుటింగు మీదికి పోతుంది. ముడిని బలపరిస్తే బీము, ఫుటింగును పెంచితే పైల్స్, పైల్స్ పెంచితే నేల. చివరికి కొత్తది కట్టినంత పని అవుతుంది, పాత డెక్ మాత్రం అలాగే మిగిలి ఉంటుంది.

2001 తర్వాత వాళ్లు చేసినవన్నీ టైము కొనుక్కునే పనులు. కుంగుతున్న చోట, కొలంబియా, యెస్లర్ వీధుల మధ్య నాలుగు పిల్లర్లకు 2008లో పునాది బలపరిచారు. క్రమం తప్పకుండా లెవెల్స్ తీసి కుంగుదల చూశారు. భూకంపం పసిగట్టగానే రెండు చివర్లా గేట్లు వాటంతటవే పడే ఏర్పాటు చేశారు. శాశ్వత పరిష్కారం తేలేదాకా జనం ప్రాణాలు కాపాడటానికి ఇవి సరైన పనులే. వీటిని మీ నోట్‌లో ‘మరమ్మతు ఆప్షన్’ కింద వేయకండి, ‘మధ్యకాలపు భద్రత’ అని వేరే వరుస పెట్టండి.

ఉప్పునీరు

టొరంటో వైపు నేను రాస్తాను. అక్కడ రోగం పైనుంచి కిందికి దిగింది. చలికాలం మంచు కరగడానికి చల్లే ఉప్పు నీళ్లలో కలిసి డెక్‌లోకి దిగుతుంది. అంతకన్నా ఎక్కువగా ఎక్స్‌పాన్షన్ జాయింట్ల (వేడికి డెక్ సాగడానికి వదిలే సందుల) గుండా కారి గర్డర్ల చివర్లు, బేరింగులు, పిల్లర్ తలకట్టు మీద పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకన్నా 2 నుంచి 6 రెట్లు చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికి రాడ్ మీది కాంక్రీటు పొర (కవర్) పగిలి పెచ్చులూడుతుంది. గార్డినర్ కింద నిలబడి తలెత్తి చూస్తే ఎక్కడ జాయింటుందో గోధుమరంగు చారలే చెబుతాయి. రెండు జాయింట్ల మధ్య భాగం చాలాచోట్ల బాగానే ఉంటుంది.

పాడైన భాగం ఎంతో తేల్చడానికి వరుసగా చేసేవి:

డెక్ మీద గొలుసు లాగుతూ వినాలి, బోలుగా మోగిన చోట సుద్దతో గీయాలి. కిందనుంచి సుత్తితో కొట్టి చూడాలి. తర్వాత రాడ్ దగ్గరి వోల్టేజీ కొలిచే హాఫ్-సెల్ రీడింగులు, కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో. మైనస్ 350 మిల్లీవోల్టులకన్నా ఇంకా కిందికి పోతే అక్కడ తుప్పు నడుస్తోందనడానికి 90 శాతం అవకాశం. మైనస్ 200కి పైన ఉంటే లేదనడానికి 90 శాతం. మధ్యలోది అనుమానపు జోన్. చివరగా వేర్వేరు లోతుల్లో డ్రిల్ పొడి తీసి క్లోరైడ్ పరీక్ష. రాడ్ ఉన్న లోతులో క్లోరైడ్ సిమెంటు బరువులో సుమారు 0.4 శాతం దాటిందంటే, ఇప్పుడు బోలు శబ్దం రాకపోయినా ఆ చోటుకి రోజులు దగ్గరపడ్డట్టే.

ఈ చివరి పరీక్ష చేయకుండా అతుకుల టెండర్ పిలవడం అతి పెద్ద తప్పు. ఎందుకంటే, అతుకు వేసిన చోట కొత్త కాంక్రీటులో రాడ్ భద్రంగా ఉంటుంది. దాని చుట్టూ పాత కాంక్రీటులో ఉప్పు అలాగే ఉంటుంది. ఇంతకుముందు పాడైన చోటే తుప్పంతా తన మీద వేసుకుని పక్క రాడ్లను కాపాడేది. ఇప్పుడు ఆ పక్కవే తుప్పుకి కేంద్రమవుతాయి. కొన్నేళ్లకే అతుకు చుట్టూ ఉంగరంలా కొత్త పగులు వస్తుంది. కాంట్రాక్టర్ పని బాగా చేసినా వస్తుంది. ఈ రసాయన శాస్త్రం తెలియక ఎంతోమంది పనివాళ్లను తిట్టారు.

అతుకే వేయాల్సి వస్తే పద్ధతి ఇదీ. అంచు చుట్టూ 20 మిల్లీమీటర్ల లోతున నిలువుగా రంపపు కోత, అంచు పలచబడిపోకూడదు. రాడ్ వెనక కూడా కనీసం 20-25 మిల్లీమీటర్లు ఖాళీ వచ్చేదాకా తవ్వాలి. రాడ్ పైభాగం మాత్రమే శుభ్రం చేస్తే వెనక తుప్పు అలాగే ఉంటుంది. వీలైతే నీటి ఒత్తిడితో తొలగించడం మంచిది. జాక్‌హామర్ మిగిలిన కాంక్రీటులో కంటికి కనపడని పగుళ్లు పెడుతుంది, అతుకు అక్కడే విడిపోతుంది. తప్పక హామర్ వాడితే రాడ్ల దగ్గర 15 కిలోలకు మించినది వద్దు. ఇసుకతో రాడ్‌ను తెల్లగా తోమించాలి. అంచు వెంబడి రాడ్లకు జింక్ యానోడ్లు (రాడ్ బదులు తామే తుప్పు పట్టే ముక్కలు) కట్టాలి, పైన చెప్పిన ఉంగరపు పగులును వాయిదా వేసేది అవే. పాత ఉపరితలం తడిపి, నిలిచిన నీళ్లు లేకుండా తుడిచి, అప్పుడు పోయాలి. 7 రోజుల తడి క్యూరింగ్. ఇక్కడే అందరూ కక్కుర్తి పడతారు, ట్రాఫిక్ తొందరలో మూడో రోజే తెరుస్తారు.

డెక్‌లో బోలు భాగమూ క్లోరైడ్ దాటిన భాగమూ కలిపి మూడో వంతు దాటిందంటే, నా మటుకు అతుకుల సంగతి మర్చిపోయి డెక్ మార్పుకి వెళ్లమంటాను. టొరంటో అటే వెళ్లింది. జార్విస్ నుంచి చెర్రీ దాకా ముందే ఫ్యాక్టరీలో పోసిన డెక్ పలకలతో చేసి 2021లో ముగించారు. డఫరిన్ నుంచి స్ట్రాకన్ దాకా పని 2024లో మొదలైంది. రోజుకి దాదాపు 1,40,000 వాహనాలు పోయే చోటు. అటు మూడు, ఇటు మూడు లేన్లను రెండేసికి తగ్గించి, సుమారు 700 మీటర్ల పైభాగం తీసి కొత్తగా వేశారు. 2027లో అవ్వాల్సింది. రాష్ట్ర ప్రభుత్వం 7.3 కోట్ల డాలర్లు అదనంగా ఇచ్చి రాత్రింబవళ్లు పని చేయించడంతో 2025 అక్టోబర్‌లోనే అన్ని లేన్లూ తెరిచారు. లేన్ మూసిన ప్రతి నెలకూ ఒక ధర ఉందని ఒప్పుకుని, ఆ ధర కట్టి టైము కొన్న ఉదాహరణ ఇది.

కిరణ్_ప్లానింగ్

ఉప్పునీరు గారూ, చాలా ఉపయోగపడింది. ఫ్యాక్టరీ పలకలంటే ఒక్క రాత్రిలో పెట్టేసి పొద్దున తెరవొచ్చని చదివాను. అంత సులువా? ఏం తప్పుతుంది?

ఉప్పునీరు

పలక పెట్టడం సులువే. దానికి ముందు, తర్వాత ఉన్న పనులే కష్టం.

పాత శ్లాబు కోసేటప్పుడు రంపం గర్డర్ పైరేకుకి తగలకూడదు. రేకు మీద ఒక్క గాటు పడినా ఆ చోట పదేపదే బరువు పడి అలసట పగులు పుడుతుంది. అందుకే పైరేకు మీద కొంత మందం వదిలి ఆపుతారు, మిగతాది చిన్న హామర్లతో తీస్తారు. శ్లాబు బరువు పోగానే గర్డర్ పైకి లేస్తుంది. లేచిన తర్వాత మళ్లీ లెవెల్స్ తీయకుండా పాత డ్రాయింగు లెక్కతో పలకలు పెడితే, గర్డర్‌కీ పలకకీ మధ్య గ్రౌటు ఒకచోట 20 మిల్లీమీటర్లు, ఇంకోచోట 90 వస్తుంది. 60 ఏళ్ల గర్డర్ డ్రాయింగులో ఉన్నట్టు ఉండదు.

పలకల అంచుల్లోంచి బయటికొచ్చే రాడ్లు పక్క పలక రాడ్లతో ఢీకొంటాయి. క్రేన్‌కి వేలాడుతున్నప్పుడు అది బయటపడితే ఆ రాత్రి పోయినట్టే. రెండు పలకల్ని ఫ్యాక్టరీలోనే పక్కపక్కన పెట్టి చూపించమని టెండర్లో రాయించండి. జాయింటులో ఇప్పుడు అల్ట్రా హై పెర్ఫార్మెన్స్ కాంక్రీటు వాడుతున్నారు, ఘనపరిమాణంలో సుమారు 2 శాతం ఉక్కు పోగులు ఉంటాయి. ఇందులో రాడ్ అతుకు రాడ్ మందానికి 8 రెట్లు చాలు, అందుకే జాయింటు 150-200 మిల్లీమీటర్లకి కుదించగలిగారు. కానీ ఇది నీళ్లలా పారుతుంది. అచ్చు పలకల మధ్య సన్నటి సందున్నా కిందికి జారిపోతుంది, కింద రోడ్డు మీద పడుతుంది. పలక అంచు నున్నగా ఉంటే అంటుకోదు, కంకర బయటికి కనిపించేలా గరుకుగా ఉండాలి, పోసేముందు తడిగా ఉండాలి. సుమారు 85-95 మెగాపాస్కల్ బలం వచ్చేదాకా బండ్లు వదలకూడదు. చలిలో ఆ బలం రావడానికి వేడి పెట్టాలి. అది ఒక్క రాత్రి పని కాదు. వారాంతపు మూసివేతలే వాస్తవికం.

ఇంకొకటి, పక్క లేన్లో లారీలు పోతుంటే గర్డర్లు వేర్వేరుగా ఊగుతాయి, పచ్చి జాయింటు చీలుతుంది. పోసిన తర్వాత కనీసం మొదటి కొన్ని గంటలైనా పక్క లేన్లో భారీ వాహనాలు ఆపాలి.

డెక్ మార్చేటప్పుడే ఎక్స్‌పాన్షన్ జాయింట్లలో వీలైనన్ని తీసేయండి. పక్కపక్క స్పాన్ల (రెండు పిల్లర్ల మధ్య భాగాల) శ్లాబులను కలిపేసే లింక్ శ్లాబు పోసి, గర్డర్ చివరల దగ్గర స్పాన్‌లో 5 నుంచి 7 శాతం దాకా గర్డర్‌కి అంటకుండా వదిలేస్తారు. నీళ్లు కారే దారే ఉండదు. కొత్త డెక్ వేసి పాత జాయింట్లే మళ్లీ పెట్టడమంటే రోగాన్ని కూడా కొత్తగా పెట్టినట్టు.

టెండన్_సుబ్బు

పైవన్నీ మామూలు కాంక్రీటుకీ, స్టీలు గర్డర్లకీ వర్తిస్తాయి. మన దేశంలో గత పాతికేళ్లలో కట్టినవి ఎక్కువగా ప్రీస్ట్రెస్డ్ బాక్స్ గర్డర్లు, అంటే లోపల ఉక్కు కేబుళ్లు బిగించిన, పెట్టెలా బోలుగా ఉండే గర్డర్లు. వాటిలో గొలుసు లాగితే ఏమీ తెలియదు. పెచ్చులూడవు, తుప్పు చారలు రావు. లోపల కేబుల్ తుప్పు పట్టి తెగేదాకా బయటికి అందంగానే ఉంటుంది.

బెంగళూరు తుమకూరు రోడ్డు మీది పీణ్య ఫ్లైఓవర్ మీ నోట్‌లో మూడో ఉదాహరణగా తప్పక ఉండాలి. 2010లో తెరిచింది. 102, 103 పిల్లర్ల మధ్య స్పాన్‌లో కేబుళ్లు పాడయ్యాయని 2021 డిసెంబర్ 25న మొత్తం మూసేశారు. 12 ఏళ్లు కూడా నిండలేదు. 2022 ఫిబ్రవరిలో కార్లూ బైకులూ మాత్రమే వదిలారు. 120 స్పాన్లలో ఒక్కోదానికి రెండేసి చొప్పున 240 కొత్త కేబుళ్లు ఎక్కించి, లోడ్ టెస్ట్ చేసి, 2024 జులైలో భారీ వాహనాలను అనుమతించారు, అదీ తనిఖీ కోసం వారానికి ఒక రోజు తప్ప.

కేబుళ్లు పాడవ్వడానికి ఎక్కువగా కారణం గ్రౌటు. కేబుల్ వెళ్లే గొట్టంలోకి సిమెంటు పాలు ఎక్కించేటప్పుడు నీళ్లు ఎక్కువైతే అవి పైకి తేలి, గొట్టం ఎత్తుగా ఉన్న చోట్ల, కేబుల్ కొసను పట్టుకునే యాంకర్ దగ్గర ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి తేమ, గాలి చేరతాయి. ఎక్కువ బిగువులో ఉన్న తీగ సన్నటి గుంటతోనే తెగిపోతుంది, మామూలు రాడ్‌లా ఏళ్ల తరబడి ఓపిక పట్టదు.

కిరణ్‌గారూ, 2009 నాటి వంతెనలకి ఇప్పుడే చేయగలిగింది ఇదీ. బాక్స్ లోపలికి మనుషులు దిగి యాంకర్ మూతల చుట్టూ తెల్లటి మరకలు, తడి, తుప్పు చూడాలి. గొట్టం ఎత్తుగా పోయే చోట్ల కొన్నింటిని ఎంచుకుని, రాడార్‌తో స్థానం గుర్తించి, 20-25 మిల్లీమీటర్ల రంధ్రం చేసి లోపలికి చిన్న కెమెరా పంపాలి. డ్రిల్ గొట్టం అంచుకి రాగానే ఆపాలి, తీగకి తగిలితే మనమే చెడగొట్టినవాళ్లమవుతాం. ఖాళీ దొరికితే వ్యాక్యూమ్ పెట్టి గ్రౌటు నింపొచ్చు. లోపల ఇప్పటికే తుప్పు ఉంటే కొత్త కేబుళ్లు ఎక్కించాల్సిందే. డిజైన్‌లో ఖాళీ గొట్టాలు వదిలి ఉంటే అదృష్టం. లేకపోతే బాక్స్ లోపల బయటి కేబుళ్లు వేయాలి, వాటి బలాన్ని పట్టుకునే కాంక్రీటు దిమ్మెల్ని పాత గోడలకి బోల్టులతో కట్టాలి. ఆ దిమ్మె జారితే పనంతా వృథా.

ఉప్పునీరు గారి ‘మూడో వంతు’ సూత్రంతో నాకు పేచీ లేదు. ప్రీస్ట్రెస్డ్ వాటికి మాత్రం అలాంటి శాతం ఏదీ నమ్మొద్దు. ఒక్క స్పాన్‌లో రెండు కేబుళ్లు తెగినా మూసేయాల్సిందే.

శ్రీలత_ట్రాఫిక్

ఇప్పటిదాకా అందరూ కట్టడం వైపు నుంచే రాశారు. తొలగింపు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి అది నేను రాస్తాను.

టొరంటో 2015లో జార్విస్‌కి తూర్పున ఉన్న భాగం మీద ఓటు వేసింది. నగర అధికారుల 100 ఏళ్ల లెక్కలో కూల్చి నేల మీద వెడల్పాటి రోడ్డు (బులెవార్డు) వేస్తే దాదాపు 46 కోట్ల డాలర్లు, కొంత మార్చి ఎత్తులోనే ఉంచే ‘హైబ్రిడ్’కి దాదాపు 92 కోట్లు. అంటే రెట్టింపు. అయినా కౌన్సిల్ 24-21తో హైబ్రిడ్‌నే ఎంచుకుంది. రద్దీ వేళ ప్రయాణం కొన్ని నిమిషాలు పెరుగుతుందన్నదే పెద్ద వాదన. డబ్బు లెక్క ఒక్కటే నిర్ణయాన్ని నడపదని చెప్పడానికే ఇది రాస్తున్నాను, ఆ నిర్ణయం నాకు నచ్చలేదని కూడా దాచను. అంతకుముందే 2000-01లో అదే గార్డినర్ తూర్పు కొసను, డాన్ వ్యాలీ పార్క్‌వే దాటిన ముక్కను కూల్చారు. అక్కడ రోడ్డు పని చేస్తూనే ఉంది.

సియాటిల్‌లో ఇంకా ముఖ్యమైన విషయం జరిగింది. 2019 జనవరి 11న వయాడక్ట్ మూశారు, ఫిబ్రవరి 4న సొరంగం తెరిచారు. ఆ మూడు వారాలు రెండూ లేవు. ఊరు స్తంభించిపోతుందని భయపడ్డారు, స్తంభించలేదు. జనం వేళలు మార్చుకున్నారు, బస్సులెక్కారు, ఇంటినుంచి పని చేశారు, కొందరు అసలు బయల్దేరలేదు. మూడు వారాల సర్దుబాటు ముప్పై ఏళ్లు నిలుస్తుందని నేననను. కానీ ఇప్పుడున్న వాహనాల సంఖ్యను అలాగే తీసుకెళ్లి కింది రోడ్డు మీద పోసే మోడల్ తప్పని మాత్రం అది చూపించింది.

తొలగింపు పనిచేయాలంటే మూడు చూడాలి. ఒకటి, ఆ రోడ్డు మీద పోయేవాళ్లలో ఊరి అవతలికి దూసుకుపోయేవాళ్లెంత, మధ్యలో దిగేవాళ్లెంత. దిగేవాళ్లే ఎక్కువైతే ఎత్తు రోడ్డు వాళ్లకి చేస్తున్న మేలు తక్కువ, కింద వీధుల గ్రిడ్ వాళ్లను పంచుకోగలదు. రెండు, సమాంతరంగా బస్సు లేదా రైలు సామర్థ్యం కూల్చేముందే సిద్ధంగా ఉందా. సోల్ నగరం చోంగ్యేచోన్ మీది ఎత్తు రోడ్డును 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2004లో బస్సుల వ్యవస్థనంతా తిరగరాసింది. మూడు, సరుకు లారీలు. మిగతావాళ్లు వేళ మార్చుకోగలరు, హార్బర్‌కి పోయే లారీ మార్చుకోలేదు. సియాటిల్‌లో వ్యతిరేకత గట్టిగా వచ్చింది అటువైపు నుంచే.

మన ఊళ్లలో అయితే నాలుగోది కూడా ఉంది. ఎత్తు రోడ్డు పిల్లర్ల మధ్య ఇప్పటికే నడుస్తున్న బస్టాపులు, ఆటో స్టాండ్లు, బండ్ల వ్యాపారం. కూల్చివేత ప్లాన్‌లో వాళ్లకు గీత కూడా ఉండదు. ఆ గీత ముందే గీయించండి.

వంతెనల_రావు

శ్రీలతగారి మాటకి తోడు సొరంగం సంగతి. సియాటిల్‌లో 2007 మార్చిలో సలహా ఓటు పెడితే జనం కొత్త ఎత్తు రోడ్డునీ వద్దన్నారు, తవ్వి కప్పే సొరంగాన్నీ వద్దన్నారు. 2009 జనవరిలో లోతుగా దొలిచే సొరంగం అని తేల్చారు. దాని ఆకర్షణ ఒక్కటే: పైన వయాడక్ట్ నడుస్తుండగానే కింద పని సాగుతుంది. తవ్వి కప్పే పద్ధతిలో ఏళ్లపాటు వాటర్‌ఫ్రంట్ అంతా గొయ్యే.

దానికి కట్టిన ధర చూడండి. 17.5 మీటర్ల వ్యాసం ఉన్న యంత్రం 2013 జులైలో మొదలై, డిసెంబర్‌లో 300 మీటర్ల దగ్గర ఆగింది. ప్రధాన బేరింగు సీళ్లు పాడయ్యాయి. దాని ముందు 36 మీటర్ల లోతు గొయ్యి తవ్వి, 2,000 టన్నుల ముందుభాగాన్ని పైకి లేపి బాగుచేశారు. ఆగిన చోటు పైన ఇళ్లూ ఆఫీసులూ ఉండి ఉంటే ఆ గొయ్యి తవ్వడానికే చోటు దొరికేది కాదు. రెండేళ్లు పోయాయి. 2017 ఏప్రిల్‌లో బయటపడింది. వచ్చిన సొరంగంలో దిక్కుకి రెండు లేన్లే, డౌన్‌టౌన్‌లో దిగే దారి లేదు, టోల్ ఉంది. అంటే ‘వయాడక్ట్ బదులు సొరంగం’ అనడం సరికాదు. దూసుకుపోయేవాళ్లకి సొరంగం, దిగేవాళ్లకి కింది రోడ్డు అని పనిని రెండుగా విడగొట్టారు. మీ పోలికలో సొరంగం ఖర్చు పక్కన కింది రోడ్డు ఖర్చు, సముద్రపు గోడ ఖర్చు కూడా ఉండాలి.

అడగలేదు గానీ జీవితకాలపు లెక్క ఎలా తారుమారవుతుందో ఊహాసంఖ్యలతో చూపిస్తాను. 50 ఏళ్లు, 4 శాతం డిస్కౌంట్ (రాబోయే ఖర్చును ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గించి నేటి విలువకి తేవడం). అతుకులు ఒక్కోసారికి 15, పదేళ్లకోసారి, మొత్తం ఐదుసార్లు: నేటి విలువ 39.7. డెక్ మార్పు ఇప్పుడు 45, పాతికేళ్లకు వాటర్‌ప్రూఫింగు, జాయింట్లకు 5: నేటి విలువ 46.9. అతుకులే చవక అనిపిస్తుంది. ఇప్పుడు లేన్లు మూసినందుకు జనం పోగొట్టుకునే టైము కలపండి: అతుకులకి ప్రతిసారీ 8, డెక్ మార్పుకి 12, తర్వాతి పనికి 2. అతుకులు 60.9, డెక్ 59.6. ఫ్యాక్టరీ పలకలకి 4 అదనంగా పెట్టి మూసివేత నష్టాన్ని 12 నుంచి 6కి దించితే 57.6. పైగా ప్రతి పదేళ్లకీ అతుకుల ఖర్చు 15 దగ్గరే ఉంటుందని నేను ఉదారంగా వేశాను. నిజంగా అది పెరుగుతూ పోతుంది.

డిస్కౌంట్ రేటు 4 నుంచి 8కి మారిస్తే మళ్లీ అతుకులే గెలుస్తాయి. కాబట్టి నోట్‌లో ఒకే రేటుతో ఒకే అంకె ఇవ్వకండి.

టెండన్_సుబ్బు

నిర్ణయం తేలేదాకా చేసే పనుల్లో బరువు తగ్గించడం మర్చిపోవద్దు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్-క్వీన్స్ ఎక్స్‌ప్రెస్‌వే ట్రిపుల్ కాంటిలీవర్ (ఒక పక్కనే ఆసరా ఉన్న మూడు అంతస్తుల) భాగం మీద 2021లో దిక్కుకి మూడు లేన్లను రెండుకి తగ్గించారు. 2023 నవంబర్ నుంచి రోడ్డులోనే తూకం సెన్సర్లు పెట్టి, 80,000 పౌండ్ల పరిమితి దాటిన లారీలకు ఆటోమేటిక్‌గా చలానా వేస్తున్నారు. మన దగ్గర ఇసుక, కంకర లారీల ఓవర్‌లోడు సంగతి తెలిసిందే. స్టీలు అలసట ఒత్తిడి ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది, ఒత్తిడి 25 శాతం పెరిగితే నష్టం దాదాపు రెట్టింపు. తూకం యంత్రం ధర ఒక్క స్పాన్ మరమ్మతు కన్నా తక్కువే.

కిరణ్_ప్లానింగ్

అందరికీ ధన్యవాదాలు. పట్టిక పద్ధతి వదిలేసి ‘పాడైన భాగం ఏది’ అన్న దాంతోనే మొదలుపెడుతున్నాను. చివరి రెండు: బేరింగులు మార్చేటప్పుడు ట్రాఫిక్ ఆపాలా? పరీక్షల కోసం కోర్లు (గుండ్రంగా కోసి తీసే కాంక్రీటు ముక్కలు) ఎక్కడెక్కడ తీయించాలి?

ఉప్పునీరు

బేరింగులకి గర్డర్‌ను కొన్ని మిల్లీమీటర్లు లేపితే చాలు, 3 నుంచి 6. పిల్లర్ తలకట్టు మీద చోటుంటే జాకీలు అక్కడే, లేకపోతే తాత్కాలిక స్టీలు బ్రాకెట్లు. ఒక వరుస గర్డర్లన్నిటినీ ఒకేసారి లేపాలి. ఒక్కటే లేపితే పక్క శ్లాబు పగులుతుంది. లేపే, దించే సమయంలో ట్రాఫిక్ ఆపండి, అరగంట చాలు. లేపాక లాక్ నట్ బిగించి, బరువు జాకీలోని నూనె మీద కాకుండా ఇనుము మీద ఉండేలా చూసి, బండ్లు నెమ్మదిగా వదలొచ్చు. జాకీ పెట్టే చోట గర్డర్ నడుముకి స్టిఫెనర్ (నిలువు ఆసరా రేకు) ఉందో లేదో ముందే చూడండి. లేకపోతే రేకు నలుగుతుంది.

కోర్లు, పొడి నమూనాలు: ప్రతి జాయింటుకి 2 మీటర్లలోపు ఒకటి, కాలువ అంచున ఒకటి, చక్రాల దారిలో ఒకటి, స్పాన్ మధ్య ఒకటి. పొడి లోతులు 10-20, 20-40, 40-60, 60-80 మిల్లీమీటర్లు, ప్రతి లోతుకీ వేరే సంచి. డ్రిల్ బిట్ ప్రతిసారీ తుడవాలి, లేకపోతే పైనున్న ఉప్పు కింది నమూనాలో కలిసి కొలత చెడుతుంది. కోర్ తీసిన వెంటనే విరిగిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ (కాంక్రీటు క్షారగుణం పోయిన చోట రంగు మారని ద్రవం) చల్లి, గులాబీ రంగు రాని లోతు కొలిచి రాయించండి. తీసిన చిల్లులు అదే షిఫ్ట్‌లో కుంగని గ్రౌటుతో నింపించి, పైన వాటర్‌ప్రూఫ్ పొర అతికించమని పని ఆర్డర్‌లోనే రాయండి. తెరిచి వదిలేసిన చిల్లు ఒక్క వానాకాలంలోనే రాడ్‌కి నీళ్లు చేరుస్తుంది.